పార కామ ఎంత పొడుగుండాలి? రెండున్నర అడుగులతో నడుం పోతోంది

నల్లరేగడి
శంకర్‌పల్లి దగ్గర పది గుంటల జాగా ఉంది. శనాదివారాల్లో వెళ్లి మేమిద్దరమే తవ్వుకుంటున్నాం. నా ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, మా ఆవిడది సరిగ్గా 5 అడుగులు. ఊళ్లో హార్డ్‌వేర్ షాపులో పార కొంటే రెండున్నర అడుగుల కామ (పట్టుకునే కర్ర) వేసి ఇచ్చారు. కాస్త పొడుగుది వెయ్యమంటే "పారంటే ఇంతే సార్, మీ తాత కూడా ఇదే వాడాడు" అన్నాడాయన. గంట తవ్వానంటే మర్నాడు చెప్పులేసుకోవడానికి కూడా వంగలేను. ఆవిడకేమో అదే పారతో ఏ ఇబ్బందీ లేదు, పైగా నాకు ఒళ్లు వంగదని వెక్కిరింపు. ఆన్‌లైన్లో 5 అడుగుల కామలు అమ్ముతున్నారు. అది తెచ్చి ఇదే పారకి బిగిస్తే నిలబడి తవ్వుకోవచ్చా? మనిషి ఎత్తుకీ కామకీ ఏమైనా లెక్కుందా? గడ్డపార, ఆకులు లాగే రేక్ సంగతి కూడా చెప్పండి. కొనేదేదో ఒకేసారి కొనేస్తాను.

ఉల్లిపొర
మీ తాత ఎత్తు ఆ షాపాయనకెలా తెలుసు?

పొలంగట్టు
5 అడుగుల కామ జోలికి పోకండి. మా బావమరిది మామూలు పారకి అలాగే బిగించాడు. మట్టిమీద గీసుకుంటూ పోతుంది గానీ దిగదు. ఇప్పుడు దాంతో కళ్లం ఊడుస్తున్నాడు.

కొలిమి_వారసుడు
పొలంగట్టు చెప్పింది నిజం. తప్పు కామది కాదు, పార కన్నుది, అంటే కామ దూర్చే రంధ్రానిది.

మాది కొలిమి ఇల్లు. నాన్న ఏ పార చేసినా కామ దూర్చి, నేలమీద ఆనించి, ఓ పక్కకి ఒంగి చూసేవాడు. ఆయన చూసేది కోణం. మనవైపు పారల్లో రేకుకీ కామకీ మధ్య సుమారు 80 డిగ్రీలుంటుంది అనుకోండి. వంగి వేటు వేసినప్పుడు కామ నేలకి 30 డిగ్రీల వాలులో ఉంటుంది. 80లోంచి 30 తీసేస్తే 50. అంచు 50 డిగ్రీలతో నేలలోకి దిగుతుంది, గడ్డ లేస్తుంది. అదే పారకి 5 అడుగుల కామ వేసి నిలబడి కొట్టండి. వాలు 50కి పెరుగుతుంది, మిగిలేది 30. అందుకే పైపొర చెక్కుకుపోతుంది. కలుపు చెక్కడానికి అది బాగుంటుంది, గుంట తవ్వడానికి పనికిరాదు.

నిలబడి తవ్వే పారే కావాలంటే కన్ను దగ్గర కాల్చి కోణం తెరిపించుకోవాలి. అంచుకి వేడి తగలకుండా చెయ్యగలిగినవాడి దగ్గరే చేయించండి, లేదంటే అంచు మెత్తబడి రాయి తగలగానే మడతపడుతుంది. కన్నుని రేకుకి వెల్డింగ్ పెట్టిన పారలైతే అసలు వద్దు.

ఇక వంగి తవ్వే పారకి మా ఇంట్లో కొలత: పనిలో వేసుకునే బూట్లు వేసుకుని నిటారుగా నిలబడాలి. కామ కర్రని కాలి పక్కన నిలబెడితే దాని కొన తుంటి ఎముక బయటికి తగిలే చోటికి రావాలి. కొలిచి చెప్పండి.

నల్లరేగడి
కొలిచాను. నాకు 37 అంగుళాలు, ఆవిడకి 31. అంటే షాపాయన ఇచ్చిన 30 అంగుళాల కామ ఆవిడకి దాదాపు సరిపోయింది, నాకు 7 అంగుళాలు తక్కువ. వెక్కిరింపు మాత్రం ఆగలేదు.

వెన్నుపూస
ఫిజియోథెరపీ నా వృత్తి. కొలిమి గారి కొలతతో గొడవ లేదు గానీ ఒకటి చెప్పాలి. ముప్పై ఏడు అంగుళాలు వేసినా వంగుతారు, కాస్త తక్కువ వంగుతారంతే. నడుం కండరాలు వెన్నుపూసకి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని లాగుతాయి. చేతిలో 5 కిలోల మట్టి వెన్ను నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ కండరాలు 40 కిలోల బలంతో లాగాలి. ఇది మట్టి లెక్క మాత్రమే. ఒంగినప్పుడు తల, చేతులు, మొండెం బరువు కూడా వాటిమీదే పడుతుంది, అది ఇంకా పెద్ద లెక్క. కామ పొడుగైతే ఒంగడం తగ్గుతుంది కానీ మట్టి మీకు దూరమవుతుంది. అందుకని తవ్వేటప్పుడు పొడుగు మంచిది, ఎత్తి తట్టలో పోసేటప్పుడు కాదు. ఎత్తేటప్పుడు ముందు చెయ్యి రేకు దగ్గరికి జార్చి పట్టుకోండి, మోకాళ్లు వంచండి.

కరీంనగర్_కాక
ముందు చెయ్యి జార్చుడు ఎవరూ నేర్పక్కర్లేదు, కూలికి పోయినోళ్లందరికీ వచ్చు. ఆఫీసులో కూచున్నోళ్లే రెండు చేతులూ కామ చివర్లో పెట్టి గుద్దుతరు.

వెన్నుపూస
కాకా, నా దగ్గరికొచ్చేవాళ్లంతా వాళ్లే.

సాక్రమెంటో_శీను
ఇక్కడ కాలిఫోర్నియాలో పొట్టి కామ మీద సుప్రీంకోర్టు దాకా కేసు నడిచింది. లెట్యూస్, షుగర్‌బీట్ పొలాల్లో మెక్సికన్, ఫిలిపినో కూలీలకి రెండడుగులు కూడా లేని కామతో పార ఇచ్చేవారు. స్పానిష్‌లో దాన్ని ఎల్ కోర్టీతో అనేవాళ్లు. రోజంతా నడుం రెండుగా మడిచి సాళ్లు పలచన చెయ్యాలి. పొడుగు కామ ఇస్తే మొక్కలు తెగుతాయని రైతుల వాదన. అసలు సంగతి ఇంకోటుంది. కామ పొట్టిదైతే ఎవరు నడుం ఎత్తారో మేస్త్రీకి దూరం నుంచే కనిపిస్తుంది. 1975 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు అది ప్రమాదకరమైన పనిముట్టేనని కూలీల వైపు నిలిచింది. 4 అడుగుల కంటే పొట్టి కామ పారతో కలుపు తీయించకూడదని ఇప్పుడు రూలే ఉంది. పొలం కూలీల నాయకుడు సీజర్ చావెజ్ కూడా కుర్రతనంలో దానితో పనిచేసినవాడే. వాళ్ల నాన్న వాడిన పార వాషింగ్టన్‌లో మ్యూజియంలో ఉంది.

అనంత_వేరుశనగ
శీను గారూ, రైతుల వాదనని అంత తేలిగ్గా కొట్టేయొద్దు. మా దగ్గర వేరుశనగ సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు, సాల్లో మొక్కకీ మొక్కకీ 10. సాళ్ల మధ్య గుంటక (ఎడ్లు లాగే కలుపు పనిముట్టు) తిప్పుతాం, చక్రం గుంటక కూడా తోలతాం. సాల్లో ఉన్న కలుపుని మాత్రం కూర్చుని తొలికతోనే (చిన్న చేతి పార) తియ్యాలి. నిలబడి 5 అడుగుల కామ చివరనుంచి గీస్తే మొక్కెక్కడ, గడ్డెక్కడ? కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే టైంలో అయితే అసలు కదపకూడదు.

సాక్రమెంటో_శీను
నిజమే, వేరుశనగ వేరు. కాలిఫోర్నియాలో సాలినాస్ లోయ రైతులూ అచ్చంగా ఇదే చెప్పారని మాత్రం అంటున్నాను. నిషేధం తర్వాత లెట్యూస్ వెయ్యడం ఎవరూ మానలేదు. ఇంకో తమాషా, పొట్టి పార పోయాక కొందరు ఉత్త చేతుల్తో కలుపు తీయించడం మొదలెట్టారు. నడుం మళ్లీ అలాగే వంగింది. చివరికి 2004లో దానిమీదా ఆంక్షలు పెట్టారు.

అత్తిలి_అన్నపూర్ణ
మీరంతా 5 అడుగుల 11 అంగుళాల ఆయన నడుం గురించే మాట్లాడుతున్నారు. కలుపు తీసేది ఎవరు? నాట్లు వేసేది ఎవరు? మన దేశంలో మగవాళ్ల సగటు ఎత్తు 164 సెంటీమీటర్ల దాకా ఉంటే ఆడవాళ్లది 152. చేతి పనిముట్టు ఏది చూసినా మగవాడి కొలతకే ఉంటుంది. శ్రీ వరి వచ్చిన కొత్తలో మా ఊళ్లో కోనో వీడర్లు (తోస్తూ కలుపు తీసే చేతి యంత్రాలు) ఇచ్చారు. 25 సెంటీమీటర్ల సాళ్లలో ముందుకీ వెనక్కీ తోసుకుంటూ పోవాలి. దాని పిడి నా రొమ్ము ఎత్తుకి వచ్చింది. మోచేతులు పైకి లేపి బురదలో తోస్తుంటే సాయంత్రానికి నడుం కాదు, భుజాలు పోయేవి. బోల్టు విప్పి పిడి కిందికి దించుకోవచ్చని ఇచ్చినవాళ్లు చెప్పలేదు. మా చిన్నాన్న ట్రాక్టర్ పానా తెచ్చి దించేదాకా అలాగే తోశాం.

పొడుగు తక్కువైతే నడుం, ఎక్కువైతే భుజాలు. రెండోదాని గురించి ఇక్కడ ఒక్కరూ ఎత్తలేదు.

కొలిమి_వారసుడు
అక్కా, మంచి మాట గుర్తుచేశారు. తోసే పనిముట్టుకి పిడి నడుముకి, మోచేతికి మధ్య ఉండాలి. లాగే పనిముట్టుకి, అంటే ఆకులు లాగే రేక్ గానీ, కలుపు చెక్కే పొడుగు పార గానీ అయితే కర్ర నిలబెట్టినప్పుడు భుజానికీ గడ్డానికీ మధ్య రావాలి. నల్లరేగడి గారికి 5 అడుగులు పైన, వాళ్లావిడకి నాలుగూ పావు, నాలుగున్నర.

ఇంకొకటి, ఆడవాళ్లకి పొడుగు కంటే లావు ఇబ్బంది. షాపుల్లో దొరికే కామలు 4 సెంటీమీటర్లు దాటి ఉంటాయి. పిడికిలి బిగిస్తే బొటనవేలు చూపుడువేలు మీదికి రావాలి. రాకపోతే రోజంతా పిసికి పట్టుకోవాల్సి వస్తుంది, ముంజేతులు లాగేస్తాయి. మూడు, మూడుంపావు సెంటీమీటర్లు చాలు. అడ్డకోత గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో ఉంటే చేతిలో తిరగదు.

ఉల్లిపొర
మా ఇంట్లో పార కామ వేపకొమ్మ. ఆకారం వానపాము.

లీడ్స్_లక్ష్మి
మాకిక్కడ ఇంగ్లండ్‌లో పార కంటే స్పేడ్ ఎక్కువ. రేకు కర్రకి దాదాపు తిన్నగా ఉంటుంది, కాలితో తొక్కి దించడమే. చివర డీ ఆకారంలో పిడి. మామూలు స్పేడ్ కర్ర 28 అంగుళాలు, పొడుగువాళ్లకి 32 అంగుళాలది దొరుకుతుంది. మొత్తం నిలబెడితే డీ పిడి మోచేతి దగ్గరికి వస్తే సరైనది. నల్లరేగడి గారికి 32 సరిపోతుంది, వాళ్లావిడకి 28. మా ఆయన తెలియక 28తో కొన్నేళ్లు బంగాళదుంపలు తవ్వి నొప్పి వయసుదనుకున్నాడు. ఇక్కడే కార్న్‌వాల్ వైపు డీ పిడి లేకుండా నాలుగడుగులు దాటిన వంపు కర్రతో పార వాడతారు. దాన్ని తొడమీద ఆనించి మట్టి ఎత్తుతారు, నడుం అసలు వంగదు.

పొలంగట్టు
ఏప్రిల్‌లో మన నల్లరేగడిలో కాలితో తొక్కితే దిగేది స్పేడ్ కాదు, మోకాలి చిప్ప.

లీడ్స్_లక్ష్మి
హహ. వానపడ్డ మూడో రోజు తొక్కండి మరి.

పొలంగట్టు
అప్పుడు స్పేడుకి అంటుకున్న మట్టి కిలోన్నర ఉంటుంది. నల్లరేగడి వారం రోజులే టైం ఇస్తుందండీ, ముందు రాయి, వెనక జిగురు.

నల్లరేగడి
పేరు చూసి మోసపోకండి, మా జాగాలో సగం ఎర్రమట్టే. ఎర్రమట్టి వైపు స్పేడ్ వాడి చూస్తాను. గడ్డపార గురించి ఎవరూ చెప్పలేదు.

బార్_బెండింగ్_బాబాయ్
గడ్డపార నా సబ్జెక్టు. గడ్డపారకి పొడుగు కంటే బరువు చూడాలి, ఎందుకంటే పని చేసేది దాని బరువే. ఎత్తి వదలాలి, గుచ్చకూడదు. సైట్లో మేం వాడే సూత్రం: మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు వస్తాయి. 25 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకి 3.86 కిలోలు. 5 అడుగులంటే 1.52 మీటర్లు, సుమారు 5.9 కిలోలు. 32 మిల్లీమీటర్లదైతే అదే పొడుగుకి 9.6 కిలోలు. ఏడు మిల్లీమీటర్ల తేడాకి మూడున్నర కిలోలు పైనే. షాపులో చేత్తో ఎత్తి చూసి "గట్టిగా ఉంది" అని లావుది తెచ్చుకుంటారు, పది గోతులు తవ్వేసరికి దాన్ని వాకిట్లో పడేస్తారు.

మీకు 25, 5 అడుగులు. మేడమ్‌గారికి 22 మిల్లీమీటర్లు, నాలుగున్నర అడుగులు, 4.1 కిలోలు వస్తుంది. బండరాయి లేపాలంటే మాత్రం పొడుగే మేలు, కింద ఇటుక ముక్క పెట్టి తొయ్యండి.

కరీంనగర్_కాక
ఇనుప గడ్డపారకి పైభాగంలో పాత సైకిల్ ట్యూబు చుట్టుకోండి. మే నెలలో మధ్యాహ్నం ముట్టుకుంటే తెలుస్తది ఎందుకో.

మిద్దెతోట_మాధవి
మాకు పారా లేదు, గడ్డపారా లేదు, కుండీలే. అయినా నడుం నొప్పి మాకూ వస్తుంది. గ్రో బ్యాగులు నేలమీద పెట్టి చేతి తాపీలాంటి చిన్న పారతో గంట సేపు గుల్ల చేస్తే చాలు. నేను కుండీలు రెండు వరసల ఇటుకల మీదికి ఎక్కించి, నేను అడుగు ఎత్తు పీట మీదికి దిగాను. చిన్న పనిముట్లకి ఒక మాట. పిడి అరచేతి వెడల్పు కంటే పొడుగుండాలి. చాలావాటికి పిడి చివర సరిగ్గా అరచేతి మధ్యలో గుచ్చుకుంటుంది. ఐదంగుళాలు ఉంటే గుచ్చుకోదు. కుండీ వెనక వరసకి చేరాలంటే అడుగున్నర పిడి ఉన్న ముళ్లపార ఒకటి ఉంచుకోండి.

అనంత_వేరుశనగ
పీట ఎక్కడ దొరుకుతుంది అనేది అసలు ప్రశ్న. మా కూలీలకి పీటలిస్తే ఎత్తుకుపోతారని మా నాన్న భయం.

అత్తిలి_అన్నపూర్ణ
ఎత్తుకుపోతే పోనివ్వండి. రెండు పీటలు.

నల్లరేగడి
ఒక డౌటు. ఆన్‌లైన్లో ఫైబర్‌గ్లాస్ కామలు, స్టీలు పైపు కామలు ఉన్నాయి. బరువు తక్కువంటున్నారు. కొనొచ్చా?

కొలిమి_వారసుడు
స్టీలు పైపు వద్దు. రాయి తగిలిన ప్రతిసారీ ఆ అదురు మణికట్టుకి వస్తుంది. ఫైబర్‌గ్లాస్ అంత తేలిగ్గా విరగదు, చెదలు పట్టదు, కానీ పొడుగు మీకు కావలసినట్టు సులువుగా కోసుకోలేరు, కామకి గీత పడితే నారలు చేతికి గుచ్చుకుంటాయి. కర్రే మేలు. తుమ్మ బాగా గట్టిది, బరువు కూడా. తడకర్ర దొరికితే అదృష్టం, వంగుతుంది గానీ విరగదు. పొడుగు కామలకి లోపల బోలు లేని గట్టి వెదురు తేలికగా ఉంటుంది. పొడుగు పెరిగేకొద్దీ బరువు చివర్లో చేరుతుంది కాబట్టి 5 అడుగుల కామకి తుమ్మ వెయ్యకండి.

కర్ర ఎంచేటప్పుడు నార చూడండి. ఈ కొసనుంచి ఆ కొసకి నార తిన్నగా పోవాలి. మధ్యలో పక్కకి దిగిపోతే సరిగ్గా అక్కడే విరుగుతుంది. నున్న చెయ్యడానికి పగిలిన గాజు పెంకుతో గీకండి, ఇసక కాగితం కంటే బాగా వస్తుంది. వార్నిష్ వెయ్యొద్దు, చెమట చేతికి బొబ్బలు లేస్తాయి. అవిసె నూనె పట్టించండి చాలు.

పొలంగట్టు
కామ వదులైతే మేం పారని రాత్రంతా నీళ్ల తొట్లో పడేస్తాం. పొద్దున్నకి బిగుసుకుంటుంది.

కొలిమి_వారసుడు
బిగుసుకుంటుంది, ఎండగానే ముందుకంటే వదులవుతుంది. నానినప్పుడు కన్ను దగ్గర నార నలిగిపోతుంది, ఆరాక తిరిగి నిండదు. గుండ్రటి కన్ను ఉన్న పారకి లావు కొస కన్నులో ఇరుక్కునేలా కామని రెండో వైపు నుంచి దూర్చితే కొట్టేకొద్దీ తనే బిగుస్తుంది, చీల అక్కర్లేదు. షాపుల్లో సన్న కొస దూర్చి మేకు కొట్టి ఇస్తారు. ఆ మేకే కర్రని చీలుస్తుంది.

వెన్నుపూస
ఎవరూ అడగలేదు కానీ చెప్తాను. సరైన కామ వేసినా ఒకే చెయ్యి ముందు పెట్టి తవ్వితే ఒక పక్కే పట్టేస్తుంది. చేతులు మార్చుకోండి. మొదట్లో వేటు ఎటో పోతుంది, అలవాటవుతుంది. కాలివేళ్లు జాగ్రత్త.

కరీంనగర్_కాక
మాకు ఎడమచేత్తో పార పట్టడం కన్నా నడుం నొప్పే నయం.

బార్_బెండింగ్_బాబాయ్
నల్లరేగడి గారూ, ఇంతకీ ఒక పారా, రెండు పారలా?

నల్లరేగడి
రెండు. ఆవిడది ఆవిడకే. నాది 37 అంగుళాల కామతో ఊరి వడ్రంగి దగ్గర చెప్పొచ్చాను. తుమ్మే దొరికింది. ఒక పొడుగు పార కూడా చెప్పాను, నిలబడి కలుపు చెక్కడానికి, దానికి వెదురు. అయితే వడ్రంగి వెదురు ఇప్పుడు కొట్టనన్నాడు. అమావాస్యకి కొడితేనే పురుగు పట్టదట.

అనంత_వేరుశనగ
మా ఊళ్లోనూ అదే మాట.

సాక్రమెంటో_శీను
చంద్రుడికీ పురుగుకీ ఏం సంబంధం అండీ?

కొలిమి_వారసుడు
చంద్రుడి సంగతి వదిలేయండి. పురుగు వచ్చేది వెదురులో ఉండే పిండి పదార్థం కోసం. కొత్త పిలకలు లేచే వానాకాలం అయిపోయాక, చలికాలంలో కనీసం మూడేళ్లు ముదిరిన గడ కొట్టి, కొన్ని వారాలు పారే నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెడితే ఏ తిథి అయినా నిలుస్తుంది. లేత గడని అమావాస్యనాడు కొట్టినా పుచ్చుతుంది.

కరీంనగర్_కాక
వడ్రంగికి ఈ ముచ్చట చెప్పకండి. అమావాస్య దాకా ఆగితే కొట్టిస్తడు, వాదించితే దసరా దాకా ఆపుతడు.